హైవే దారి మారితే కిలోమీటరు రాయి లెక్క ఎలా చూసుకోవాలి

పాత కాగితాల్లో శ్రీకాకుళం దగ్గర హైవే కిలోమీటరు 97. ఇప్పటి కాగితాల్లో అదే చోటు 600 చుట్టుపక్కల పడుతుంది. ఊరు కదల్లేదు, నాగావళి కదల్లేదు. మారింది ఎక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టారు, ఎటు వైపు కొలిచారు అన్నదే. ఈ తేడా తెలియకపోతే అంబులెన్సు తప్పు చోటుకు వెళ్తుంది, ఇన్సూరెన్సు కాగితంలో ప్రమాదస్థలం ఒక చోట, ఎఫ్ఐఆర్‌లో మరో చోట పడుతుంది, లారీ డీజిలు లెక్క నెలాఖరుకు కుదరదు.

స్వర్ణ చతుర్భుజి పనుల్లో మన వైపు నాలుగు వరసల రోడ్డు వేసినప్పుడు ప్యాకేజీలు, అంటే పని పంచిన రోడ్డు ముక్కలు, కిలోమీటరు అంకెల్లో ఇలా ఉండేవి: ఇచ్ఛాపురం నుంచి కొర్లాం 233 నుంచి 200, కొర్లాం నుంచి పలాస 200 నుంచి 171, పలాస నుంచి శ్రీకాకుళం 171 నుంచి 97, శ్రీకాకుళం నుంచి చంపావతి నది 97 నుంచి 49, అక్కడి నుంచి విశాఖపట్నం 49 నుంచి 2.837. అంటే సున్నా విశాఖ వైపు ఉంది, ఇచ్ఛాపురం వైపు వెళ్తున్న కొద్దీ అంకె పెరుగుతుంది. ఆరు వరసల పనులకు వచ్చేసరికి నరసన్నపేట 580.700, రణస్థలం 634.000, ఆనందపురం 681.000 అయ్యాయి. ఇక్కడ అంకె విశాఖ వైపు వెళ్తున్న కొద్దీ పెరుగుతుంది. కొలత మొదలూ మారింది, దిక్కూ తిరగబడింది. అందుకే పాత అంకెకు ఏదో ఒక సంఖ్య కలిపితే కొత్తది వచ్చేస్తుందనుకుంటే అసలు కుదరదు.

కిలోమీటరు అంకెను చాలామంది దూరంగా చదువుతారు. అది ముందు చిరునామా, ఆ తర్వాతే దూరం. వీధి పేరు లేకుండా ఇంటి నంబరు చెబితే ఎలా ఉంటుందో, రోడ్డు నంబరు, ఏ లెక్క, ఏ పక్క అన్నవి లేకుండా కిలోమీటరు చెప్పడం కూడా అలాగే ఉంటుంది.

రోడ్డు నంబరు దగ్గరే మొదటి చిక్కు

2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చారు. శ్రీకాకుళం మీదుగా పోయే మన 5వ నంబరు 16 అయింది. సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం మీదుగా నాతవలస దగ్గర కలిసే 43వ నంబరు 26 అయింది. పాత నంబర్లను అంతటితో వదిలెయ్యలేదు, వేరే రోడ్లకు ఇచ్చారు. ఇప్పుడు 5వ నంబరు అంటే పంజాబ్‌లో ఫిరోజ్‌పూర్ నుంచి సిమ్లా మీదుగా పోయే రోడ్డు. 43 అంటే మధ్యప్రదేశ్ నుంచి జార్ఖండ్ వెళ్లేది. 2010కి ముందు కాగితంలో 16వ నంబరు అని ఉంటే అది నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే రోడ్డు. కాబట్టి కాగితం మీద ముందు తేదీ చూడండి, తర్వాతే నంబరు. మీరు కొత్తగా రాసేటప్పుడు ‘16 (పాత 5)’, ‘26 (పాత 43)’ అని రెండూ రాయండి. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అయిదో నంబరు రోడ్డు అనే అంటారు, స్టేషన్‌లో రాసుకునే కానిస్టేబుల్‌కు కూడా రెండూ ఉంటే సులువు.

43వ నంబరు లెక్క రాయ్‌పూర్ నుంచి వచ్చేది. 26వ నంబరు ఒడిశాలో బర్‌గఢ్ దగ్గర మొదలవుతుంది. మొదలే మారింది కాబట్టి విజయనగరం, గజపతినగరం మధ్య పాత రాయి ఎక్కడైనా మిగిలి ఉంటే దాని మీది అంకెకూ ఇప్పటి అంకెకూ పొంతన ఉండదు.

కొమ్మ రోడ్లకు వాటి సొంత లెక్క ఉంటుంది. పర్లాకిమిడి, పాతపట్నం మీదుగా వచ్చి నరసన్నపేట దగ్గర 16లో కలిసే 326ఎ, అరకు, శృంగవరపుకోట మీదుగా విజయనగరం చేరే 516ఇ ఇలాంటివే. జంక్షన్ దగ్గర పది అడుగుల తేడాలో రెండు రోడ్ల రాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఏ రాయి మీద ఏ రోడ్డు నంబరు ఉందో చదివాకే అంకె రాసుకోండి.

ఆర్ అండ్ బీ రోడ్లలో ఇంకో పద్ధతి ఉంది. వాటికి పేరే గుర్తు. కళింగపట్నం, శ్రీకాకుళం, పార్వతీపురం అని మూడు ఊళ్ల పేరుతో పిలిచే సీఎస్‌పీ రోడ్డు అలాంటిది. మామూలుగా పేరులో మొదట వచ్చే ఊరే సున్నా, చివర వచ్చేది పెద్ద అంకె. రెండు రాళ్లు చూసి ఏ వైపు పెరుగుతోందో ఖాయం చేసుకుంటే చాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. జిల్లా మారినంత మాత్రాన రాయి లెక్క మారదు. పాత ఫిర్యాదుల్లో జిల్లా పేరు వేరుగా ఉన్నా కిలోమీటరు అదే అయి ఉండవచ్చు.

రాయి ఎలా చదవాలి

పైభాగం పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. ప్రతి ఐదో రాయి మిగతావాటి కన్నా పెద్దదిగా, ఎక్కువ వివరంతో ఉంటుంది. ఎక్కువగా పొరపాటు జరిగేది ఒక చోట: ఊరి పేరుతో పాటు ఉన్న అంకె ఆ ఊరికి ఉన్న దూరం. ఏ ఊరి పేరూ లేకుండా విడిగా ఉన్న అంకె రోడ్డు మొదలు నుంచి వచ్చిన లెక్క. ఇంజనీర్లు చైనేజ్ అనేది ఈ రెండోదాన్నే. ఫోన్లో చెప్పాల్సిందీ, కాగితంలో రాయాల్సిందీ ఇదే. ఊరి దూరం చెబితే ఎదుటివాళ్లు దాన్ని చైనేజ్ అనుకుని వేరే జిల్లాకు మనిషిని పంపగలరు.

రెండు కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకూ చిన్న రాళ్లు ఉంటాయి. వాటి మీద 2, 4, 6, 8 అని మాత్రమే ఉంటుంది. 634 దాటాక 6 అన్న చిన్న రాయి దగ్గర ఉన్నారంటే మీరు 634.600లో ఉన్నట్టు. లెక్క ఏ దిక్కుకు పెరుగుతోందో కనిపెట్టడానికి ఈ చిన్న రాళ్లకు మించిన సాధనం లేదు. బండి ఆపి, రెండు చిన్న రాళ్లు చూస్తే తెలిసిపోతుంది: 2 తర్వాత 4 వస్తే పెరిగే వైపు పోతున్నారు, 8 తర్వాత 6 వస్తే తగ్గే వైపు.

గీత పెట్టి రాసే అంకెలతో జాగ్రత్త. రోడ్ల శాఖ ఎస్టిమేటులో 14/6 అంటే 14 కిలోమీటర్ల 600 మీటర్లు. కల్వర్టు గోడ మీద పెయింటుతో రాసిన 14/6 అంటే 14వ కిలోమీటరులో ఆరో కట్టడం. రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ మధ్యలో అయిదారు వందల మీటర్ల తేడా రావచ్చు. కల్వర్టు నంబరు చెబుతుంటే ‘కల్వర్టు’ అన్న మాట తప్పకుండా కలపండి. చైనేజ్ రాస్తుంటే 14.600 అని చుక్క పెట్టి మూడు అంకెలు రాయండి, ఎవరికీ అనుమానం రాదు.

దారి మారినప్పుడు అంకెలకు ఏమవుతుంది

బైపాస్ వేశారనుకోండి. పాత రోడ్డు ఊరి మధ్యలోంచి, కొత్తది ఊరి బయట నుంచి. రెండూ ఒక చోట విడిపోయి ఇంకో చోట కలుస్తాయి. విడిపోయే చోట అంకె ఒకటే. కలిసే చోట మాత్రం పాత దారిన వస్తే ఒక అంకె, కొత్త దారిన వస్తే మరో అంకె. ఈ రెండో చోటే గొడవంతా.

మనకు బాగా దగ్గరలో ఉన్న ఉదాహరణ ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి రోడ్డు. హైవే ఇదివరకు విశాఖ నగరంలోంచి పోయేది. ఆరు వరసల రోడ్డును ఆనందపురం దగ్గర తిప్పి పెందుర్తి మీదుగా అనకాపల్లికి తీసుకెళ్లారు. ప్రాజెక్టు పేరులోనే రెండు లెక్కలూ ఉన్నాయి: మొదలు కిలోమీటరు 681.000, పాత లెక్కలోనూ 681.000. చివర కొత్త లెక్కలో 731.780, పాత లెక్కలో 742.400. నగరంలోంచి దూరం 742.400 లోంచి 681.000 తీసేస్తే 61.400 కిలోమీటర్లు. పెందుర్తి దారిన 50.780. తేడా 10.620 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే లారీకి ఒక వైపుకు రెండున్నర లీటర్లకు పైగా తేడా ఇది. లారీ నగరం దారినే పోతుండగా చైనేజ్ చూసి దూరం లెక్కగట్టే గుమాస్తా కొత్త అంకెలు పట్టుకుంటే ప్రతి ట్రిప్పులోనూ డీజిలు దొంగిలించాడన్న నింద డ్రైవరు మీద పడుతుంది.

కలిసే చోట 731.780 అంటే 742.400 అని సమానం పెట్టి రాసేదాన్ని చైనేజ్ సమీకరణం అంటారు. ఆ చోటు దాటాక కొత్త అంకెకు 10.620 కలిపితే పాతది వస్తుంది. దాటక ముందు ఈ సూత్రం పనికిరాదు. విడిపోయిన చోటుకూ కలిసే చోటుకూ మధ్య అవి రెండు వేర్వేరు రోడ్లు. పెందుర్తి దారిలో 700కూ నగరం దారిలో 700కూ సంబంధమే లేదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తేడా తెలిసింది కదా అని మధ్యలోనూ కలిపేస్తారు.

బైపాస్ తర్వాతి రోడ్డు అంకెలను ఏం చేయాలన్నది అసలు నిర్ణయం. మొత్తం మార్చి మళ్లీ రాయి వేసుకుంటూ పోతే లెక్క శుభ్రంగా ఉంటుంది. కానీ వందల కిలోమీటర్ల రాళ్లు, వంతెనల నంబర్లు, టోల్ బోర్డులు, ప్రమాదాల రికార్డులు అన్నీ తిరగరాయాలి. రికార్డులు తిరగరాయకుండా రాళ్లే మారిస్తే, ప్రమాదాలు ఎక్కువ జరిగే మలుపు కాగితం మీద కదిలి పక్క ఊళ్లో తేలుతుంది. అలా కాకుండా తర్వాతి అంకెలను ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే కలిసే చోట గంతు వస్తుంది. కొత్త దారి చిన్నదైతే కొన్ని అంకెలు మాయమవుతాయి. ఉదాహరణకు 731 తర్వాత రావాల్సిన 732 బదులు 743 కనిపిస్తుంది. అది పెయింటరు పొరపాటు కాదు.

కొత్త దారి పెద్దదైతే ఇబ్బంది ఎక్కువ. 40 దగ్గర విడిపోయి పాత దారిలో 46 దగ్గర కలిసే చోట, బైపాస్ ఎనిమిది కిలోమీటర్లు ఉంటే చివరికి 48 అవుతుంది. అప్పుడు 46, 47, 48 రెండేసి సార్లు వస్తాయి, ఒకటి బైపాస్ మీద, ఒకటి దాని తర్వాతి రోడ్డు మీద. ఇలాంటి చోట రాయి నంబరుకు ఏదైనా అక్షరం చేర్చి ఉంటే దాన్ని కూడా రాసుకోవాలి. అక్షరం లేకపోతే ‘బైపాస్ మీద 47’ అని మాటల్లో రాయాలి. మూడో పద్ధతిలో బైపాస్‌కు సొంత సున్నా ఇచ్చి కొలుస్తారు. అలాంటి రోడ్డు మీద 3 అన్న రాయి చూసి రోడ్డు మొదలు మూడు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే పొరపాటే.

ఊరి మధ్యలోంచి పోయే పాత ముక్క సంగతి వేరే. హైవే నుంచి తీసేసి రాష్ట్ర రోడ్ల శాఖకో పురపాలికకో అప్పగించాక దాని మీద రాళ్లు తీయడానికి ఎవరూ తొందరపడరు. పసుపు రంగు వెలిసిపోయి అక్కడే ఉంటాయి. పాత హైవే మీద గుంతల గురించి ఫిర్యాదు చేసేటప్పుడు ఆ పసుపు రాయి నమ్మి జాతీయ రహదారుల సంస్థకు రాస్తే అది తమది కాదని తిరిగొస్తుంది. ముందు ఆ ముక్క ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో మండలంలో ఆర్ అండ్ బీ ఏఈ దగ్గర అడగండి, తర్వాతే అర్జీ రాయండి.

ఎడమా కుడీ కూడా తారుమారవుతాయి

నక్షాల్లో ఎడమ పక్క, కుడి పక్క అని రాస్తారు. అది బండి నడిపేవాడి ఎడమ కాదు. అంకె పెరిగే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపు ఉన్నది ఎడమ. పాత లెక్కలో అంకె ఇచ్ఛాపురం వైపు పెరిగేది కాబట్టి ఎడమ అంటే కొండల వైపు, కుడి అంటే సముద్రం వైపు. ఇప్పటి లెక్కలో అంకె విశాఖ వైపు పెరుగుతుంది కాబట్టి ఎడమ అంటే సముద్రం వైపు, కుడి అంటే కొండల వైపు. పాత నక్షాలో ఎడమ పక్కనున్న కొట్టు కొత్త నక్షాలో కుడి పక్కకు వెళ్తుంది. కొట్టు మాత్రం ఎక్కడున్నది అక్కడే.

సర్వీసు రోడ్డుకు, పెట్రోలు బంకు దారికి, డ్రైనేజీకి అర్జీలు పెట్టేవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. తప్పు పక్క రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ఎదుటి పక్క చూసి, అక్కడ ఏమీ లేదని రాసుకుని పోతారు. రాసేటప్పుడు ‘విశాఖ వైపు వెళ్లే లైను, సముద్రం పక్క’ అని రాస్తే ఏ లెక్కలో చదివినా అర్థం ఒకటే. మన జిల్లాల్లో 16వ నంబరు పొడవునా ఈ మాట పనికొస్తుంది. సముద్రం ఎటుందో తెలియని మనిషి ఇక్కడ ఉండడు.

పాత అంకెను కొత్త అంకెతో జత చేయడం

దీనికి కావలసినవి: పాత కాగితం, ట్రిప్ మీటరు ఉన్న బండి, స్థలం అక్షాంశ రేఖాంశాలు చూపించే ఫోను, నోట్‌బుక్. ఇద్దరు వెళ్లడం మంచిది, నడిపేవాళ్లు రాయకూడదు.

ముందు కదలని గుర్తులు రెండు ఎంచుకోండి. నది మీది వంతెన, రైల్వే పైవంతెన, పెద్ద కల్వర్టు లాంటివి. మడపాం దగ్గర వంశధార వంతెన లాంటిది దూరం నుంచే తెలుస్తుంది. చెట్టు, టీ కొట్టు, బస్ షెల్టరు, స్పీడ్ బ్రేకరు పెట్టుకోవద్దు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేవి అవే. కొత్త వంతెన పాతదాని పక్కన కట్టి ఉంటే పాత వంతెననే గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే పాత కాగితం రాసిన రోజున ఉన్నది అదే.

తర్వాత బండి మీటరును సరిచూసుకోండి. దారి మారని, గంతు లేని ఒక ముక్కలో పది కిలోమీటర్ల రాళ్ల మధ్య నడపండి. రాళ్ల లెక్కలో 10 అయితే మీటరు 10.3 చూపించిందనుకోండి. అప్పటి నుంచి మీటరు చూపిన ప్రతి దూరాన్నీ 10.3తో భాగించి 10తో హెచ్చించాలి. టైరు అరిగిపోతే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ చూపిస్తుంది. గాలి తక్కువున్నా కొంత అంతే. అందుకే పోయిన ఏడాది చూసిన తేడాను ఈ ఏడాదికి వాడకండి.

ఇప్పుడు రెండు గుర్తుల దగ్గరా కొత్త రాళ్ల లెక్క రాసుకోండి. దిక్కు మారని రోడ్డు అయితే కొత్త అంకెలోంచి పాత అంకె తీసెయ్యండి. రెండు చోట్లా ఒకే తేడా వస్తే మధ్యలో దారి మారలేదు. దిక్కు తిరగబడిన రోడ్డు అయితే తీసివేయకండి, కలపండి. పాతదీ కొత్తదీ కలిపిన మొత్తం రెండు చోట్లా ఒకటే రావాలి. ఊహించుకున్న అంకెలతో చూద్దాం: ఒక వంతెన పాత లెక్కలో 30.400, కొత్త లెక్కలో 212.100. మొత్తం 242.500. పాత కాగితంలో మీ స్థలం 24.200 అని ఉంటే, 242.500 లోంచి 24.200 తీసేస్తే 218.300 రావాలి. మీ స్థలం దాటాక ఉన్న రెండో గుర్తు దగ్గర మొత్తం 242.500 బదులు 242.350 వచ్చిందనుకోండి. మధ్యలో ఎక్కడో మలుపు సాపు చేసి 150 మీటర్లు తగ్గించారన్నమాట. అప్పుడు మూడో గుర్తు తీసుకుని, ఆ మలుపు మీ స్థలానికి ముందుందా వెనకుందా తేల్చుకోవాలి. రెండు గుర్తులతో ఆపేసేవాళ్లకు ఇది తెలియదు. కనీసం మూడు తీసుకోండి.

50 మీటర్ల లోపు తేడాను పట్టించుకోవద్దు. చాలా బండ్ల మీటర్లు వంద మీటర్ల కన్నా చిన్న దూరం చూపించవు.

చివరిగా స్థలం దగ్గర ఫోనులో అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి. దశాంశం తర్వాత అయిదు అంకెలు ఉండాలి. నాలుగే రాస్తే పది మీటర్ల దాకా జరగవచ్చు, అయిదు రాస్తే మీటరు దరిదాపుల్లో ఉంటుంది. ఫోను తీసిన వెంటనే వచ్చిన అంకె రాయకండి, ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం ఆగండి. పైవంతెన కింద నిలబడి తీసుకుంటే తప్పొస్తుంది. ఎప్పుడో మళ్లీ రాళ్లు మార్చినా ఈ అంకె మారదు.

పని జరుగుతున్న రోడ్డు మీద రాయిని నమ్మే ముందు దాని అడుగు చూడండి. కాంక్రీటులో గట్టిగా నిలిచి ఉందా, మట్టిలో ఊరికే గుచ్చి ఉందా? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాళ్లను పెకలించి పక్కన పడేస్తారు, ఎవరో ఒకరు తిరిగి నిలబెడతారు, అదే చోట నిలబెట్టాలన్న పట్టింపు అందరికీ ఉండదు. ముందు వెనకల 200 మీటర్ల రాళ్లతో పోల్చి దూరం సరిపోతేనే వాడండి.

ప్రమాదం జరిగినప్పుడు ఏం చెప్పాలి

జాతీయ రహదారి మీద అయితే 1033, ప్రాణాపాయం ఉంటే 108, లేదా 112. వరసగా చెప్పండి: రోడ్డు నంబరు, ఏ ఊరి నుంచి ఏ ఊరి వైపు వెళ్లే లైను, రాయి అంకె, మెయిన్ రోడ్డా సర్వీసు రోడ్డా, దగ్గరి టోల్ గేటు లేదా వంతెన. ‘పదహారో నంబరు హైవే, చిలకపాలెం టోల్ దాటాక శ్రీకాకుళం వైపు వెళ్లే లైను, మెయిన్ రోడ్డు మీద’ అని మొదలుపెట్టి రాయి అంకె చెబితే అవతలి మనిషి ఎక్కడున్నా చోటు దొరుకుతుంది. లైను ఎందుకు ముఖ్యమంటే మధ్యలో డివైడరు ఉంటుంది. తప్పు లైనులో వచ్చిన అంబులెన్సు తర్వాతి యూటర్ను దాకా పోయి రావాలి.

ఊరి పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. కొర్లాం అంటే సోంపేట దగ్గర హైవే మీద ఒకటి ఉంది, విజయనగరం జిల్లాలో రాయ్‌పూర్, విశాఖ కొత్త రోడ్డు దారిలో ఇంకొకటి ఉంది. రెండూ హైవే ప్యాకేజీల పేర్లలో కనిపిస్తాయి.

పోలీసు కాగితంలోనూ, ఇన్సూరెన్సు ఫారంలోనూ, ఆస్పత్రి చీటీలోనూ ఒకే మాట ఉండేలా చూసుకోండి. ఎఫ్ఐఆర్‌లో పాత లెక్క, క్లెయిములో కొత్త లెక్క పడితే రెండు వేర్వేరు ప్రమాదాలుగా కనిపిస్తాయి. రాయి కనిపించేలా ఫోటో తీయండి, అందులో రాయి మీది రోడ్డు నంబరు కూడా పడాలి.

భూమి కాగితాలు

భూసేకరణ ప్రకటనలో కిలోమీటరు అంకె శీర్షికలోనే ఉంటుంది. మీ భూమిని తేల్చేది సర్వే నంబరు, విస్తీర్ణం. జాతీయ రహదారుల చట్టం 1956లో 3ఎ కింద ప్రకటన వెలువడ్డాక 21 రోజుల్లోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయి దగ్గర నిలబడి ‘మన పొలం ఆ ముక్కలో లేదులే’ అనుకుని ఆ 21 రోజులూ గడిపేస్తే మాట చెప్పే అవకాశం పోతుంది. శీర్షికలోని అంకె ఇంకా వేయని రోడ్డుదై ఉండవచ్చు, దానికి నేల మీద రాయే ఉండదు. సర్వే నంబర్ల పట్టిక అక్షరం అక్షరం చదవండి, సబ్‌డివిజన్ నంబరుతో సహా.

ఎగ్జిట్ నంబర్లు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లకు ఇదే లెక్క ఎగ్జిట్ నంబర్ల (హైవే దిగే దారుల నంబర్ల) రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఇంటర్‌స్టేట్ రోడ్ల మైళ్లు ప్రతి రాష్ట్రంలోనూ మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి, దక్షిణం నుంచి ఉత్తరానికి, పడమర నుంచి తూర్పుకు పెరుగుతాయి. ఎక్కువ రాష్ట్రాల్లో ఎగ్జిట్ నంబరు దగ్గరి మైలు అంకెనే తీసుకుంటుంది. ఒకే మైలులో రెండు మూడు ఎగ్జిట్లు ఉంటే ఎ, బి, సి అని అక్షరం తగిలిస్తారు. మైలును బట్టి నంబరు ఉంటే 40వ ఎగ్జిట్ నుంచి 65వ ఎగ్జిట్‌కు సుమారు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు అని కూడిక తీసివేతలతోనే తెలుస్తుంది. ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు ఇస్తే మధ్యలో కొత్త ఎగ్జిట్ కట్టినప్పుడు ఇరుకున పడతారు.

మసాచుసెట్స్ 2020, 2021లలో వరస నంబర్లు వదిలి మైళ్ల లెక్కకు మారింది. పాత నంబరు తెలియజేసే చిన్న బోర్డులు కూడా పెట్టారు. దారి మారిస్తే ఏమవుతుందో నార్త్ కరోలినాలో కనిపించింది. గ్రీన్స్‌బరో చుట్టూ వేసిన కొత్త లూప్ మీదికి 2008లో 40వ నంబరు ఇంటర్‌స్టేట్‌ను మార్చారు. జనం తికమకపడడంతో అదే ఏడాది తిరిగి పాత దారికే తెచ్చేయాలని నిర్ణయించారు. ఆ మధ్యలో అచ్చయిన పటాలు తప్పు చెబుతూనే ఉంటాయి. పాత ఎగ్జిట్ నంబరుతో ఉన్న పెళ్లి పత్రికో, హోటలు చిరునామానో చేతికొస్తే నంబరు వదిలేసి క్రాస్ రోడ్డు పేరు పట్టుకోండి.

మన వైపు ఇది ఇప్పుడు పట్టించుకోవాల్సిన విషయం. రాయ్‌పూర్ నుంచి విశాఖకు వేస్తున్న 130సీడీ రోడ్డు ఆలూరు, జక్కువ, కొర్లాం, కంటకాపల్లి, సబ్బవరం మీదుగా ప్యాకేజీలుగా సాగుతోంది. ఇలాంటి ఆరు వరసల రోడ్డు మీదికి ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, దిగలేం, ఇంటర్‌ఛేంజ్ దగ్గర మాత్రమే. దాని లెక్క 26వ నంబరు లెక్కతో కలవదు, సాలూరు పేరు రెండింటి బోర్డుల మీదా ఉన్నా సరే. ప్రయాణానికి ముందు మీరు దిగాల్సిన ఇంటర్‌ఛేంజ్ కిలోమీటరూ, దానికి ముందున్న ఇంటర్‌ఛేంజ్ కిలోమీటరూ రెండూ చీటీ మీద రాసుకోండి. ముందుది దాటగానే ఎడమ వరసలోకి రండి. దిగాల్సింది దాటిపోతే రివర్సు చేయొద్దు, అంచున ఆపి వెనక్కి నడవొద్దు. తర్వాతి ఇంటర్‌ఛేంజ్ దాకా పోయి, అక్కడ దిగి, ఎదురు లైను ఎక్కి రండి. వచ్చేటప్పుడు రాళ్ల అంకెలు ఎదురు వరసలో వస్తాయి, మీ చీటీ మీది అంకె మాత్రం అదే.